మిర్చి కరపత్రం పీడీఎఫ్‌ను స్లైడ్లుగా మార్చాను: నా అనుభవం

నర్సంపేట వైపు మిర్చి ఎక్కువగా వేసే ఒక క్లస్టర్‌లో, అంటే కొన్ని ఊళ్లకు కలిపి, నేను ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని). రైతులకు చెప్పాల్సిన సమాచారం మాకు దాదాపు అంతా పీడీఎఫ్‌లలోనే వస్తుంది. కరపత్రాలు, సర్క్యులర్లు, పురుగు మందుల పట్టికలు అన్నీ వాట్సాప్ గ్రూపులో పడతాయి. వాటిని అలాగే రైతుల గ్రూపులోకి పంపిస్తే తెరిచి చూసేవాళ్లు తక్కువ. మూడు మడతల కరపత్రాన్ని చిన్న ఫోన్‌లో వేళ్లతో సాగదీసుకుంటూ చదవాలంటే ఎవరికైనా విసుగే.

రైతులు సమావేశమయ్యే రైతువేదికలో పెద్ద టీవీ ఉంది కాబట్టి మొదట్లో పీడీఎఫ్‌నే దాని మీద తెరిచి చూపించేదాన్ని. పేజీ మొత్తం పట్టేలా పెడితే అక్షరాలు ఆనవు. పెద్దది చేస్తే ఒక మూల మాత్రమే కనపడుతుంది, ఇక పైకీ కిందికీ జరుపుతూ ఉండాలి. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన మొహమాటం లేకుండా చెప్పేశాడు: "బిడ్డా, నువ్వు అటూ ఇటూ జరుపుతుంటె మాకు కండ్లు తిరుగుతున్నయి. మందు పేరు, ఎంత కలపాలె, గా రెండు ముచ్చట్లు పెద్దగ చూపెట్టరాదు?" ఆయన అడిగింది సబబే. అప్పుడే కూర్చుని ఈ కరపత్రాలను స్లైడ్లుగా మార్చాలని నిర్ణయించుకున్నాను.

మొదట మిర్చి కరపత్రమే తీసుకోవడానికి కారణం ఉంది. నల్ల తామర పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద తొలిసారి గుర్తించారు. 2021-22 సీజన్‌లో అది మన మిర్చి తోటల మీద పడింది. పూతలో చేరి పూతంతా రాలగొట్టింది. ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ వైపు ఎంతోమంది తోటలు పీకేసి వేరే పంట వేసుకున్నారు. ఆ నష్టం చూసిన రైతుకు సగం సమాచారం ఇస్తే సరిపోదు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది ఒక్క అక్షరం తేడా లేకుండా చేరాలి.

ముందు ఆన్‌లైన్‌లో దొరికే కన్వర్టర్ సైట్లతోనే మొదలుపెట్టాను. ఫైల్ ఎక్కిస్తే నిమిషంలో పీపీటీ, అంటే పవర్‌పాయింట్ స్లైడ్ల ఫైల్ ఇస్తాయి. ఒక సైట్ ప్రతి పేజీని ఒక బొమ్మగా తీసి స్లైడ్ మీద అతికించింది. అందులో ఒక్క అక్షరం కూడా మార్చడానికి లేదు. ఇంకొకటి అక్షరాలను విడదీసింది గానీ ప్రతి లైనుకూ ఒక వేరే టెక్స్ట్ బాక్స్ పెట్టింది. ఒక మాట తీసేస్తే మిగతా లైన్లు పైకి జరగవు, గాలిలో అలాగే ఉండిపోతాయి. పైగా తెలుగంతా పోయి వింత ఇంగ్లీష్ అక్షరాలు, గీతలు, చుక్కలు మిగిలాయి. ఈ సైట్ల గురించి ఒక మాట చెప్పాలి. కరపత్రం నలుగురికీ పంచేది కాబట్టి ఎక్కడ ఎక్కించినా నష్టం లేదు. రైతుల ఆధార్ నంబర్లు, పాస్‌బుక్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న జాబితాలను మాత్రం ఇలాంటి సైట్లలో ఎట్టి పరిస్థితిలోనూ ఎక్కించకండి. ఆ ఫైల్ ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు ఉంటుందో మన చేతిలో లేదు.

ఇలా ఎందుకు అవుతుందో తెలుసుకోకుండా ముందుకు పోవడం నాకు నచ్చలేదు. పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా రావాలన్నది దాని ఉద్దేశం. అందుకే ఆ ఫైల్ లోపల ప్రధానంగా ఉండేవి కొలతలు: ఈ ఆకారం పేజీకి ఎడమ నుంచి ఇంత దూరంలో, కింది నుంచి ఇంత ఎత్తులో ఉండాలి అని. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టికలో రెండో గడి అన్న సంగతి మాకు వచ్చే ఫైళ్లలో దాదాపు ఉండదు. స్లైడ్‌కు కావాల్సింది సరిగ్గా అదే. కన్వర్టర్ ఆ ఆకారాలు ఉన్న చోటును బట్టి ఊహించుకుంటుంది, ఆ ఊహ తెలుగు దగ్గర తప్పుతుంది.

తెలుగు దగ్గరే ఎందుకు తప్పుతుందో హనుమకొండ చౌరస్తా దగ్గర డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని) చేసే ఒక తమ్ముడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నా ల్యాప్‌టాప్‌లో ఫైల్ తెరిచి, అడోబీ రీడర్‌లో ఫైల్ మెనూ నుంచి ప్రాపర్టీస్‌లోకి, అక్కడి నుంచి ఫాంట్స్ అన్న చోటుకు పోయాడు. పేర్లు చూడగానే, "అక్కా, ఇది అనుల కొట్టింది. పీడీఎఫ్ నుంచి మంచిగ రాదు. పేజ్‌మేకర్ ఫైల్ ఉంటె తీస్కరా, యూనికోడ్‌లకు మార్చిస్త" అన్నాడు. యూనికోడ్ అంటే ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత సంకేతం ఉండే పద్ధతి. పాత అను ఫాంట్లలో మాత్రం ఇంగ్లీష్ అక్షరాలకు కేటాయించిన గళ్లలోనే తెలుగు ఆకారాలను కూర్చోబెట్టారు. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కు అది ఇంగ్లీష్ అక్షరమో, గుర్తో. ఫాంట్ తోడుగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. కాపీ చేసి బయటికి తీస్తే అసలు రూపం బయటపడుతుంది. మన దగ్గర పత్రికలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఏళ్ల తరబడి ఇలాగే తయారయ్యాయి. పేజ్‌మేకర్ అంటే అచ్చుకు పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్, ఆ ఫైల్ కోసం అడిగి చూశాను. కరపత్రం వేసిన చోట ఆ పాత కంప్యూటర్ ఇప్పుడు లేదన్నారు.

నా దగ్గర ఇంకో కరపత్రం యూనికోడ్‌లో కొట్టింది ఉంది. అదైనా సులభంగా వస్తుందని కాపీ చేస్తే 'మిర్చి' కాస్తా 'మిరి్చ' అయింది, 'వర్షాలు' 'వరా్షలు' అయ్యాయి. యూనికోడ్‌లో మనం 'ర్చి' అని కొడితే ర, పొల్లు, చ, గుడి అన్న వరుసలో ఉంటుంది. తెర మీద గీసేటప్పుడు మాత్రం ఫాంట్ ముందు 'రి' ఆకారం గీసి దాని కింద చ వత్తు పెడుతుంది. పీడీఎఫ్‌లో మిగిలేది ఈ గీసిన వరుస. తిరిగి తీసినప్పుడు అదే వరుసలో వస్తుంది కాబట్టి వత్తులు ఉన్న ప్రతి మాటా ఇలా చెదిరిపోతుంది. మన భాషలో వత్తు లేని వాక్యం ఎక్కడుంది?

కాబట్టి నాకు మిగిలిన దారి ఓసీఆర్. అంటే పేజీని ఫొటోగా తీసుకుని, అందులో అక్షరాలను కంప్యూటర్ చేత చదివించడం. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు చదవగలదు. నేను గూగుల్ డ్రైవ్ వాడాను, దాన్ని వాడటానికి ప్రత్యేకంగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. బొమ్మను డ్రైవ్‌లో పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మ కింద అక్షరాలు వస్తాయి. ఫైల్ 2 ఎంబీ లోపు, అక్షరాలు నిటారుగా, స్పష్టంగా ఉండాలి. అను ఫాంటా, యూనికోడా అన్న గొడవే ఇక్కడ లేదు, కంటికి కనపడేదాన్నే అది చదువుతుంది.

మూడు మడతల కరపత్రాన్ని మొత్తంగా ఇస్తే మాత్రం ఒక మడతలోని లైను చివర పక్క మడతలోని లైను వచ్చి చేరుతుంది. వేరుకుళ్లు గురించి మొదలైన వాక్యం ఎరువుల మోతాదుతో ముగుస్తుంది. తెర మీది భాగాన్ని కత్తిరించే స్నిప్పింగ్ టూల్‌తో ఒక్కో మడతను, ఒక్కో పేరాను విడివిడిగా కత్తిరించి ఇస్తేనే పని జరిగింది. పట్టికలను అలా కూడా తీయలేకపోయాను. గడులన్నీ కలగాపులగం అయిపోతాయి. వాటిని చేత్తోనే కొట్టాను.

ఇక తప్పులు. ఓసీఆర్ ప కు, వ కు తరచూ తికమక పడుతుంది. 'పురుగు' 'వురుగు' అవుతుంది, 'వేపనూనె' 'వేవనూనె' అవుతుంది. మ, వు కూడా అంతే. ఇవి చదివితే దొరికిపోతాయి, ఎందుకంటే మాట తప్పుగా కనపడుతుంది. అసలు ప్రమాదం అంకెల్లో ఉంది, అంకె తప్పుగా ఉన్నా చూడటానికి అంకెలాగే ఉంటుంది. లీటరు నీటికి 0.3 మి.లీ. కలపమన్న స్పైనోసాడ్ పక్కన చుక్క ఎగిరిపోయి 03 వచ్చింది. ఆ సున్నాను ఎవరూ పట్టించుకోరు, 3 మి.లీ. అని చదువుతారు. పదింతల మందు! వేపనూనె గాఢత 10,000 పీపీఎం ఒక చోట 1,000 అయింది. ఇంకొక చోట సున్నా బదులు తెలుగు సున్న, అంటే అనుస్వారం వచ్చి కూర్చుంది. తెలుగు అంకెల్లోని ౦, 'అం'లోని ం, మామూలు 0 మూడూ చూపుకు ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మూడూ వేరు. ఫైల్‌లో 0.3 అని వెతికితే ఇలాంటివి దొరకవు. అందుకే ఓసీఆర్ ఇచ్చిన అంకెలను నేను నమ్మడం మానేసి, ప్రతి అంకెనూ చెరిపి మళ్లీ కొట్టాను.

తర్వాత పక్క క్లస్టర్ ఏఈఓ అన్నను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆయన చేతిలో కరపత్రం ప్రింట్, నా ముందు స్లైడ్లు. ఆయన "సున్నా పాయింట్ మూడు మిల్లీలీటర్లు" అని గట్టిగా చదివితే నేను స్లైడ్ చూసి తిరిగి చెప్పడం. పొడి మందుకు గ్రాములు, ద్రవానికి మిల్లీలీటర్లు అని కూడా ఒక్కోటీ చూసుకున్నాం. ఒకే మనిషి రెండూ చూస్తే కన్ను తనకు తెలిసిందే చదువుకుంటూ పోతుంది. చెవికి వినపడితే తేడా వెంటనే తడుతుంది. ఈ పనిలో ఇంతకంటే ముఖ్యమైన ఘట్టం లేదని నా గట్టి అభిప్రాయం. అక్షరదోషం ఉంటే రైతు నవ్వి ఊరుకుంటాడు, మోతాదు తప్పితే చేను మాడిపోతుంది.

అలా చదువుతున్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. కరపత్రం పట్టికలో 'లీటరు నీటికి' అన్న మాట పేజీ పైన ఒక్కసారే ఉంది, కింద వరుసల్లో ఒట్టి అంకెలే. ఒక్కో వరుసను ఒక్కో స్లైడ్ చేసేసరికి ఆ తలకట్టు వెనకే ఉండిపోతుంది. మన రైతులు లెక్క వేసుకునేది పంపుకు, అంటే మందు కొట్టే స్ప్రేయర్‌కు. 2 మి.లీ. అని మాత్రమే ఉంటే అది లీటరుకా, పంపుకా, ఎకరానికా? అందుకని ప్రతి స్లైడ్‌లో 'లీటరు నీటికి 0.3 మి.లీ.' అని పూర్తిగా రాసి, కింద '20 లీటర్ల పంపుకు 6 మి.లీ.' అని కూడా రాశాను. పంపు సైజులు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి 20 లీటర్లు అన్న మాట తప్పకుండా ఉంచాను.

పాత కరపత్రాలతో ఇంకో జాగ్రత్త ఉంది. నేను తెరిచిన వాటిలో ఒకదాంట్లో ట్రైజోఫాస్, ఫోరేట్ పేర్లు ఉన్నాయి. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆ రెండింటి వాడకం 2020 డిసెంబర్ 31 నుంచి నిషేధం. కరపత్రం వేసిన నాటికి అవి మామూలు మందులే. పీడీఎఫ్ మాత్రం ఎన్నేళ్లయినా కొత్తదానిలాగే మెరుస్తూ ఉంటుంది, దాని మీద తేదీ కూడా ఒక మూల చిన్నగా ఉంటుంది. ఉన్నదున్నట్టు మార్చి చూపిస్తే నిషేధించిన మందును ప్రభుత్వం తరఫున నేనే చెప్పినట్టవుతుంది. ఆ రెండు వరుసలు తీసేసి, మిగతా మందుల జాబితాను వరంగల్‌లోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో ఒక శాస్త్రవేత్తకు పంపి, ఆయన సరే అన్నాకే స్లైడ్లలో పెట్టాను.

స్లైడ్ తయారీలో అన్నిటికంటే పెద్ద అడ్డంకి పేజీ ఆకారం. ఏ4 కాగితం నిలువుగా 297 మిల్లీమీటర్లు, అడ్డంగా 210. ఇప్పటి పవర్‌పాయింట్ స్లైడ్ 16:9, అంటే అడ్డంగా 13.33 అంగుళాలు, నిలువుగా 7.5. నిలువు పేజీని అందులో దూరిస్తే అది 5.3 అంగుళాల వెడల్పుకు కుదించుకుపోతుంది. తెరలో అరవై శాతం ఖాళీ. కాగితం మీద 11 పాయింట్లు ఉన్న అక్షరం 7 పాయింట్లకు పడిపోతుంది. వేదికలో వెనక గోడ దగ్గర నిలబడి చూసే మనిషికి అది చీమల బారే. అందుకే పేజీకి ఒక స్లైడ్ అన్న లెక్క వదిలేసి, పురుగుకు ఒక స్లైడ్ అని పెట్టుకున్నాను. ఎడమ పక్క పురుగు ఫొటో, కుడి పక్క ఆకు మీద, పూత మీద కనపడే లక్షణం ఒకటి రెండు లైన్లు, కింద మందు పేరు, మోతాదు. అంతకు మించి ఏదైనా రాయాలనిపిస్తే అది నోటితో చెప్పాల్సిన మాట అనుకుని పక్కన పెట్టాను. రెండు పేజీల కరపత్రం ఇరవైకి పైగా స్లైడ్లు అయింది. ఎక్కువైందని ఎవరూ అనలేదు.

అక్షరాలు 32 పాయింట్లకు తగ్గనివ్వలేదు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీష్‌కు సరిపోయే లైన్ స్పేసింగ్ మనకు చాలదు, పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతుంది. 1.2 పెడితే ఊపిరి ఆడినట్టు ఉంది. బాక్స్‌లో మాటలు ఎక్కువైతే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాలను చిన్నవి చేస్తుంది, ఆ ఆటోఫిట్‌ను ఆపేశాను. ఫాంట్ కోసం చాలా చూశాను. నాకు ఇష్టమైంది పోతన 2000, మన బమ్మెర పోతన పేరు మీద ఉన్న యూనికోడ్ ఫాంట్. కానీ వేదికలో ఉన్న కంప్యూటర్‌లో అది లేదు. విండోస్ 8 నుంచి నిర్మలా విండోస్‌తోనే వస్తుంది, అంతకు ముందు గౌతమి వచ్చేది. వేరే చోట తెరిచినా ఇబ్బంది లేకుండా నిర్మలా పెట్టాను. వేరే ఫాంట్ వాడాలనుకునేవాళ్లు ఫైల్, ఆప్షన్స్, సేవ్ అన్న చోట ఎంబెడ్ ఫాంట్స్ అని టిక్ పెడితే, లైసెన్సు ఒప్పుకున్న ఫాంట్ ఫైల్‌తో పాటే వస్తుంది.

ఫొటోల పని తొందరగానే అయింది. లిబ్రే ఆఫీస్ డ్రా ఉచితంగా దొరుకుతుంది, అందులో పీడీఎఫ్ తెరిస్తే ఒక్కో బొమ్మ విడిగా చేతికి వస్తుంది, రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకోవడమే. స్క్రీన్‌షాట్ కంటే ఎన్నో రెట్లు స్పష్టంగా ఉంటుంది. స్కాన్ చేసిన కరపత్రానికి ఇది పనికిరాదు, పేజీ అంతా ఒకే బొమ్మ. నా దగ్గరున్న అలాంటి ఒక స్కాన్ నలుపు తెలుపులో ఉండటంతో, పురుగులు అంటుకునేలా చేనులో పెట్టే జిగురు అట్టల ఫొటోలు రెండూ బూడిద రంగులో ఒకేలా ఉన్నాయి. తామర పురుగుకు పెట్టాల్సింది నీలి రంగు అట్ట, తెల్లదోమకు పసుపు రంగుది. రంగే సమాచారం అయినప్పుడు రంగు పోయిన ఫొటో ఉండీ లేనట్టే. మా ఊళ్లోనే ఒక రైతు చేనులో పెట్టిన నీలి అట్టలను ఫోన్‌తో తీసి ఆ స్లైడ్‌లో పెట్టాను. తమ ఊరి చేను తెర మీద కనపడగానే వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా ముందుకు జరిగి అడగడం మొదలుపెట్టారు.

వేదికలో మొదటిసారి చూపించినప్పుడు నేను అనుకోనిది ఒకటి జరిగింది. స్లైడ్ మారినప్పుడల్లా ఫోన్లు పైకి లేచాయి. రాసుకునేవాళ్లు లేరు, అందరూ ఫొటో తీసుకుంటున్నారు. అంటే ఆ ఒక్క ఫొటోనే రేపు మందుల షాపులో చూపిస్తారు. ముందు స్లైడ్, వెనక స్లైడ్ వాళ్ల దగ్గర ఉండవు. ఆ రాత్రే కూర్చుని ప్రతి స్లైడ్ పైన పంట పేరు, పురుగు పేరు, ఒక మూల నెల, సంవత్సరం చేర్చాను. మందును కంపెనీ పేరుతో కాకుండా అసలు రసాయనం పేరుతో, 45 ఎస్.సి. లాంటి శాతంతో సహా రాశాను. ఒకే రసాయనం వేర్వేరు శాతాల్లో అమ్ముతారు కాబట్టి అది లేకపోతే మోతాదుకు అర్థం ఉండదు. ఆ తర్వాత సేవ్ యాజ్‌లో జేపెగ్ ఎంచుకుని అన్ని స్లైడ్లనూ బొమ్మలుగా తీసి రైతుల గ్రూపులో పెట్టాను. పీడీఎఫ్ తెరవనివాళ్లు కూడా బొమ్మను చూస్తారు.

పీపీటీ ఫైల్‌ను మండలంలోని మిగతా ఏఈఓలకు కూడా ఇచ్చాను. మార్చుకోవడానికి వీలున్న ఫైల్ ఒకటి చేతిలో ఉంటే, వచ్చే ఏడు మందు మారినా ఆ ఒక్క లైను మార్చుకుంటే చాలు, మళ్లీ ఓసీఆర్ దాకా పోనక్కర్లేదు. ఇప్పుడు పత్తిలో గులాబీ రంగు పురుగు కరపత్రం మీద కూర్చున్నాను. దీన్ని రాసిన శాస్త్రవేత్తకు ముందే ఫోన్ చేసి, "సార్, డీటీపీకి ఇచ్చే ముందు మీరు వర్డ్‌లో కొట్టిన ఫైల్ నాకు పంపించండి, ఫొటోలు విడిగా పంపించండి" అని అడిగాను. ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపించారు. వత్తులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, పట్టిక పట్టికలాగే వచ్చింది. అయినా అంకెల దగ్గర పక్క క్లస్టర్ అన్నను మళ్లీ పిలిచాను. ఈసారి ఆయన తన క్లస్టర్ కోసం మొక్కజొన్న కరపత్రం కూడా పట్టుకొచ్చాడు.